విక్టోరియా హాలులో నాటకాలు ఆడనివ్వాలి

సంపాదకుడు గారికి,

చెన్నై సెంట్రల్‌లో దిగి బయటికొస్తే తెల్లటి రిప్పన్ బిల్డింగ్ ఎవరికైనా కనిపిస్తుంది. దాని పక్కనే ఉన్న ఎర్ర ఇటుకల విక్టోరియా పబ్లిక్ హాలుని పట్టించుకునేవాళ్లు తక్కువ. ఏళ్లపాటు మూతపడి ఉన్న ఆ హాలుకి గ్రేటర్ చెన్నై కార్పొరేషన్ 2023లో మరమ్మతులు మొదలుపెట్టింది. చాలా మంచి పని. నా బెంగల్లా లోపలి స్టేజీ గురించే.

1883లో ఈ హాలుకి శంకుస్థాపన చేసింది విజయనగరం మహారాజు ఆనందగజపతి, గురజాడని ఆదరించిన ప్రభువే. కట్టినవారు తాటికొండ నంబెరుమాళ్ చెట్టిగారు. నమూనా గీసింది రాబర్ట్ చిషోమ్. ఒకసారి రోడ్డవతల నిలబడి టవర్ కేసి చూడండి. కిందంతా ఇటుక కమానులు, నెత్తిన మాత్రం మలయాళ దేశపు ఇళ్లకుండే ఏటవాలు కప్పు. తిరువనంతపురంలో నేపియర్ మ్యూజియం కట్టిందీ చిషోమే. ఆ కప్పు అక్కణ్నుంచే ఇక్కడికి నడిచొచ్చిందని నాకనిపిస్తుంది.

1891లో ధర్మవరం రామకృష్ణమాచార్యులవారి సరస వినోదిని సభ బళ్లారి నుంచి మద్రాసు వచ్చి తెలుగు నాటకాలు ఆడింది. అవి చూసిన పమ్మల్ సంబంధ మొదలియార్, పద్దెనిమిదేళ్ల తమిళ కుర్రాడు, అదే ఏడాది సుగుణ విలాస సభ అనే నాటక సంఘం పెట్టాడు. తర్వాత చాలాకాలం ఆ సభకి ఈ హాలే ఇల్లు. తమిళ నాటకం కొత్త దారి పట్టడంలో మన నాటకానికి ఇంత పాలుంది.

పోయినేడు మా బృందం నాటిక వేద్దామని నగరంలో ఒక హాలు అడిగాం. ఒక్క సాయంత్రానికి వాళ్లు చెప్పిన అద్దె మా మేకప్, దుస్తులు, మైకు ఖర్చులన్నీ కలిపినదాని కన్నా ఎక్కువ. చివరికి ఓ కల్యాణ మండపంలో వేశాం. పక్కగదిలో గిన్నెలు కడిగే చప్పుడుకి వెనక వరసలవాళ్లకి డైలాగులే వినపడలేదు.

అందుకే విక్టోరియా హాలు ఫోటోలు దిగే చోటుగా, పెద్ద కంపెనీల మీటింగులకి మాత్రమే మిగిలిపోకూడదు. నెలకి నాలుగు సాయంత్రాలైనా ఔత్సాహిక నాటక బృందాలకి, ఏ భాషవాళ్లయినా సరే, తక్కువ అద్దెకి ఇవ్వాలి. ఆనందగజపతి, ధర్మవరంవారి పేర్లు అక్కడి బోర్డు మీద తెలుగులో కూడా రాయించమని చెన్నైలోని తెలుగు సంఘాలన్నీ కలిసి కార్పొరేషన్‌ని అడగాలి. నాటకాలకి తేదీలు ఇవ్వడం మొదలుపెడితే మా బృందం దరఖాస్తు ఆ రోజే అందుతుంది.

- ఒక నాటకాభిమాని, పెరంబూరు, చెన్నై