బొమ్మ కింద తెలుగు ముక్క లేకపాయె

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన వారం హైదరాబాద్ ఆర్ట్ ఎగ్జిబిషన్ వార్తకు మీ పేపర్ల "అర్థంకాని గీతలు, లక్షల్లో రేట్లు" అని హెడ్డింగ్ పెట్టిన్రు. అప్పటిసంది కడుపు మండుతనే ఉంది, లేట్ అయినా రాయాల్నని కూసున్న.

మా అన్న పిల్లల్ని తీస్కొని నేను గూడ ఈ మధ్య సిటీల ఒక ఆర్ట్ మ్యూజియంకు పోయిన. గోడ మీద మనిషెత్తు క్యాన్వాస్, దూరంకెల్లి చూస్తే ఉత్త నీలం, దగ్గరికి పోతే నీలం కింద ఎర్రపొర, కత్తితోని గీకిన కాడల్లా ఆ ఎరుపు బయటపడ్డది. "కాకా, ఇదేంది?" అని పాప అడిగింది. కింద చీటి చూస్తే ఆర్టిస్టు పేరు, సైజు, ఆయిల్ ఆన్ క్యాన్వాస్, అంతే, అది గూడ ఇంగ్లీషులనే. తెలుగుల లేదు, ఉర్దూల లేదు, చెప్పే మనిషి అసలే లేడు. ఇట్ల పెట్టి జనానికి ఎక్కదని జనాన్నే అంటే ఎట్ల సార్?

మా దిక్కు జనానికి గీతలు, చుక్కలు కొత్తనా? పుట్టపాకల నేసే తేలియా రుమాల్ బట్ట చూడుండ్రి, ఎరుపు, నలుపు, తెలుపు, అన్నీ గళ్లు, చుక్కలే. నెయ్యకముందే నూలుకు ముడులు కట్టి రంగులేస్తరు, మగ్గం మీద చుక్క పక్కన చుక్క సరిగ్గ కూసునేటట్టు ముందే లెక్క చూసుకుంటరు. 2020ల జీఐ ట్యాగ్, అంటే ఇది ఫలానా జాగ సరుకే అనే గుర్తింపు, వచ్చింది దానికి. గసొంటి చెయ్యి ఉన్నోళ్లకు అబ్‌స్ట్రాక్ట్, అంటే మనిషో చెట్టో లేకుండ ఉత్త రంగులు, గీతలతోని వేసే బొమ్మ, అర్థం కాదంటరా?

పేరున్న పెయింటర్ ఎస్.హెచ్. రజా చిన్నప్పుడు మధ్యప్రదేశ్ పల్లె బడిల చదువు మీద మనసు నిలుస్తలేదని సారు గోడ మీద ఒక చుక్క పెట్టి దీన్నే చూడు అన్నడట. ఎన్నో ఏండ్లకు పారిస్‌ల ఉండి ఆయన వేసిన 'బిందు' బొమ్మల ముచ్చట ఆ చుక్క కాన్నుంచే. ఇది చెప్పినంక మా పిల్లలు ఫోన్ల ఆ బొమ్మను వదిలితే ఒట్టు.

మరి అసొంటి సారు ఇప్పుడు మా బళ్లల్ల ఏడి? డ్రాయింగ్ పీరియడ్ గూడ లెక్కల సారే తీసుకుంటడు. మన కరీంనగర్ గడ్డ మీద పుట్టిన పెయింటర్ పీటీ రెడ్డి పేరు మా పిల్లల్ల ఒక్కలకు తెల్వదు. మా నల్లగొండ కాడ పానగల్‌ల శిల్పాలకు మ్యూజియం ఉంది, సంతోషం, కానీ మంచి పెయింటింగ్ చూడాల్నంటే మా పోరలు హైదరాబాద్ బస్సెక్కాల్సిందే. రోడ్డు డివైడర్లకు ఏటేటా రంగులేసే ఆఫీసర్లకు జిల్లాకో గ్యాలరీ హాలు అంత భారమా? ముందుగాల ఉన్న మ్యూజియంలల్ల తెలుగుల బోర్డులన్న పెట్టియ్యుండ్రి, ఆదివారం పూట చెప్పేటోళ్లను పెట్టుండ్రి.

మీరు గూడ ఇంకోసారి ఇసొంటి వార్త వేస్తే రేటు సంగతి పక్కన పెట్టి, ఆ ఆర్టిస్టు రంగుతోని ఏం చేసిండో నాలుగు లైన్లు రాయించుండ్రి, బొమ్మను కలర్ల పెద్దగ వెయ్యుండ్రి.

— ఒక పాఠకుడు, మునుగోడు, నల్లగొండ జిల్లా