నిర్ధారణ విననివారు ఇంటివారే

సంపాదకులకు,

నాలుగేళ్ల మా చెల్లెలి కొడుకు పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడడు. బొమ్మ కారును బోర్లించి గంటలకొద్దీ చక్రాలే తిప్పుతుంటాడు. వైద్యులు ఆటిజమని నిర్ధారించినా, 'వాళ్ల నాన్నకూ మాటలు ఆలస్యంగానే వచ్చాయి' అంటూ మా చెల్లెలి అత్తింటివారు థెరపీ మాన్పించి, పైగా పెంపక లోపమని తల్లినే నిందిస్తున్నారు (తండ్రి పెంపకం ఎవరికీ గుర్తురాదు). ఆటిజం మెదడు ఎదుగుదలకు సంబంధించినది, పెంపకం వల్ల వచ్చేది కాదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఆటిజాన్ని వైకల్యంగా గుర్తించింది. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని మేధో దివ్యాంగుల జాతీయ సంస్థలో పసిపిల్లలకు తొలిదశ శిక్షణ కేంద్రమూ ఉంది. అయినా వైకల్య ధ్రువపత్రం తీసుకుంటే పిల్లాడి మేనత్త పెళ్లి సంబంధాలు చెడతాయని వెనకాడుతున్నారు. నిర్ధారణ చెప్పే రోజున తల్లితోపాటు, ఇంట్లో మాట చెల్లే తాత, నానమ్మలనూ కూర్చోబెట్టి వివరించేలా వైద్య ఆరోగ్య శాఖ ఆసుపత్రులను ఆదేశించాలి.

– ఒక పాఠకురాలు, మల్కాజిగిరి, హైదరాబాద్