కెర్నల్ మెమరీకీ లెక్క ఉండాలి

సంపాదకులకు నమస్కారం.

నేను నగర శివారులోని ఒక ఇంజనీరింగ్ కళాశాలలో ల్యాబ్ సర్వర్లను చూసుకుంటాను. ప్రాజెక్టుల రోజుల్లో ఒకే యంత్రాన్ని 20 బృందాలు పంచుకుంటాయి కనుక, ఒక్కో బృందానికి 2 గిగాబైట్ల మెమరీ పరిమితితో కంటైనర్ (ఆ బృందం ప్రోగ్రాములను విడిగా నడిపే గది లాంటిది) కేటాయిస్తాం. ఈ ఏడాది ఒక బృందం లక్షలాది చిన్న బొమ్మల ఫైళ్లను తెరిచి చూసే ప్రోగ్రామును నడిపినప్పుడు, వారి వాడకం పరిమితికి లోబడే కనిపించింది గానీ మిగతా బృందాల పనులన్నీ నత్తనడకన సాగాయి. మొదట ఆ పిల్లలనే మందలించాను. లోపం మా లెక్కలోనే ఉందని తర్వాత తెలిసి నొచ్చుకున్నాను.

ప్రోగ్రాము తనకోసం తీసుకునే మెమరీ ఒకటైతే, దాని పని జరిపించడానికి ఆపరేటింగ్ సిస్టం గుండెకాయ అయిన కెర్నల్ వెచ్చించే మెమరీ మరొకటి. లినక్స్‌లోని ఎక్స్‌ట్4 ఫైల్ సిస్టంలో ఒక్కో ఫైలు ఐనోడ్‌కు (ఫైలు వివరాల నమోదు) సుమారు 1 కిలోబైట్, డెంట్రీకి (ఫైలు పేరు నమోదు) 192 బైట్లు పడతాయి కనుక, 10 లక్షల ఫైళ్లను తడిమితే 1 గిగాబైటుకు పైగా కెర్నల్ వద్దే పోగుపడుతుంది. 64 బిట్ ఇంటెల్ యంత్రాల్లో ప్రోగ్రాములో సమాంతరంగా నడిచే ఒక్కో త్రెడ్‌కు మరో 16 కిలోబైట్ల కెర్నల్ స్టాక్ (కెర్నల్ పని చేసుకునే చోటు) కావాలి. వీటిని స్వాప్‌లోకి, అంటే డిస్కు మీది అదనపు చోటుకు, పంపడం కుదరదు. అపార్ట్‌మెంటులో ఒక ఫ్లాటువారు నీళ్లు ఎంత తోడినా మోటారు ఖర్చు కామన్ మీటరు మీదే పడినట్టు, ఈ భారం అందరి మీదా పడుతుంది.

కెర్నల్ మెమరీని ప్రోగ్రాముల గుంపుల వారీగా లెక్కించే ఏర్పాటు లినక్స్‌లో డెవలపర్ గ్లాబర్ కోస్టా కృషితో 2013 నాటి 3.8 వెర్షన్‌లోనే చేరింది. అయితే విడిగా పరిమితి పెడితే తప్ప లెక్కింపు మొదలయ్యేది కాదు. పెట్టినా, ఒక్క గుంపుకు చెందిన స్లాబ్ నిల్వను (ఐనోడ్, డెంట్రీల వంటివి ఉండే కెర్నల్ మెమరీని) విడిగా ఖాళీ చేయించే వీలు 2015లో వచ్చిన 4.0 వరకు లేకపోవడంతో, పరిమితి దాటగానే ఫైలు తెరవడమే విఫలమయ్యేది. అప్పటికి మా సర్వర్లన్నీ 3.10 కెర్నల్ ఉన్న సెంట్‌ఓఎస్ 7 అనే లినక్స్ రకంతో నడిచేవి. 2016 నాటి 4.5తో స్థిరపడిన సీగ్రూప్ (గుంపులకు పరిమితులు పెట్టే కెర్నల్ సదుపాయం) రెండో వెర్షన్‌లో ప్రోగ్రాము మెమరీ, కెర్నల్ మెమరీ కలిపి ఒకే పరిమితి కిందకు వస్తాయి. ఇదే సరైన పద్ధతి అని నా నమ్మకం, ఎందుకంటే ఏ బృందానికి కెర్నల్ వాటా ఎంత కావాలో ముందుగా ఏ నిర్వాహకుడూ చెప్పలేడు. 2020 నాటి 5.9లో డెవలపర్ రోమన్ గుష్చిన్ చేసిన మార్పుతో వేర్వేరు గుంపులు ఒకే స్లాబ్ పేజీని పంచుకోగలగడం వల్ల, లెక్కింపు కారణంగా జరిగే మెమరీ వృథా కూడా బాగా తగ్గింది.

సెంట్‌ఓఎస్ 7కు మద్దతు 2024 జూన్ 30తో ముగిసింది. అయినా అదే నడుస్తున్న ల్యాబులను ఈ నగరంలో నేను ఇంకా చూస్తున్నాను. మా దగ్గర వేసవిలో ఒక యంత్రాన్ని కొత్త కెర్నల్‌కు మార్చాం; విద్యార్థులు తమ గుంపు మెమరీ వాడకాన్ని చూపే మెమరీ.స్టాట్ ఫైలులో స్లాబ్, కెర్నల్ స్టాక్ అంకెలను ఇప్పుడు తామే చూసుకుంటున్నారు. మిగిలిన రెండు యంత్రాలకూ వచ్చే సెమిస్టరులోగా అనుమతి ఇవ్వాలనీ, ఇతర కళాశాలలు కూడా ప్రాజెక్టుల కాలానికి ముందే ఈ మార్పు చేపట్టాలనీ మీ పత్రిక ద్వారా యాజమాన్యాలను కోరుతున్నాను.

- ఒక సర్వర్ నిర్వాహకుడు, హైదరాబాద్