లేబర్ వీసా మీద వెల్డర్‌ను పంపొద్దు

సంపాదకులకు నమస్కారం.

జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ పల్లెల నుంచి సౌదీకి వెళ్లే వెల్డర్లు, ఎలక్ట్రీషియన్లు, ఏసీ మెకానిక్‌లలో చాలామంది చేతిలో పని ఉండి కూడా లేబర్ వీసా మీదే విమానం ఎక్కుతున్నారు. "అక్కడికి పోయినంక మార్చుకోవచ్చు" అని సబ్ ఏజెంట్ నమ్మబలుకుతాడు. అకామాలో, అంటే అక్కడి నివాస అనుమతి కార్డులో, లేబర్ అని పడ్డాక జీతం ఆ లెక్కనే. పైగా 2025 నుంచి సౌదీ ప్రభుత్వం విదేశీయుల వర్క్ పర్మిట్లను నైపుణ్యాన్ని బట్టి మూడు తరగతులు చేసింది. వీసా మీద ఏ పని పేరు రాశారన్నది ఇప్పుడు ఇంకా ముఖ్యమైపోయింది.

ఏజెంట్లు లేబర్ వీసా వైపు నెట్టడానికి ఒక కారణం పరీక్ష. 2023లో మన దేశంలో మొదలైన సౌదీ నైపుణ్య పరీక్షలో మొదట చేర్చిన పనులు ఐదు: ప్లంబర్, ఎలక్ట్రీషియన్, వెల్డర్, ఏసీ టెక్నీషియన్, ఆటో ఎలక్ట్రీషియన్. తకామొల్ అనే సౌదీ సంస్థ దీన్ని నడుపుతుంది. కంప్యూటర్ మీద ప్రశ్నలుంటాయి, చేతిపని చేసి చూపించాలి. నెగ్గితే సర్టిఫికెట్ ఐదేళ్లు చెల్లుతుంది. అది లేకుండా ఆ పని పేరుతో వీసా స్టాంపింగ్ కాదు. పరీక్షకు తయారు చేయడం కన్నా లేబర్ అని రాయించడం ఏజెంట్‌కు తేలిక.

పదేళ్లు పని చేసినవాళ్లు కూడా ట్రేడ్ టెస్టుల్లో ఎందుకు తప్పుతున్నారో చెప్పాలి. మన దగ్గర వెల్డింగ్ అంటే గేట్లు, కిటికీ గ్రిల్స్, ట్రాక్టర్ ట్రాలీలు. వాడేది 6013 రాడ్, అది కాస్త తేమ తగిలినా పని చేస్తుంది. పైపులైన్ కంపెనీల టెస్టులో చేతికిచ్చేది ఎక్కువగా 7018. ప్యాకెట్ విప్పి బయట పెడితే ఇది గాలిలోని తేమ పీల్చుకుంటుంది. అలాంటి రాడ్‌ను 300 నుంచి 350 డిగ్రీల వేడిలో గంటకు తక్కువ కాకుండా ఓవెన్‌లో ఆరబెట్టి, తర్వాత 100 డిగ్రీలకు పైనే వెచ్చగా ఉంచి, ఒక్కొక్కటే తీసి వాడాలి. లేదంటే అతుకులో సూదిబెజ్జాల్లాంటి రంధ్రాలు పడతాయి. చల్లారాక పగుళ్లు కూడా రావచ్చు, అవి పైకి కనిపించవు. ఈ రాడ్‌కు ఆర్క్, అంటే రాడ్ కొసకూ లోహానికీ మధ్య వచ్చే మెరుపు, పొట్టిగా పట్టాలి. గేటు పనిలో అలవాటైనట్టు రాడ్ దూరంగా పట్టి ఊపితే మళ్లీ అవే రంధ్రాలు.

6జీ టెస్టు ఇంకా కఠినం. పైపును 45 డిగ్రీల వాలులో బిగిస్తారు, తిప్పడానికి ఉండదు, వెల్డరే చుట్టూ తిరగాలి. రెండు అంచుల మధ్య సందు సుమారు 3 మిల్లీమీటర్లు, అంచు మందం ఒకటిన్నర మిల్లీమీటర్ల దగ్గర ఉంచుతారు. ఎక్కువమంది తప్పేది ట్యాక్‌ల దగ్గర, అంటే పైపులు కదలకుండా ముందుగా వేసే చిన్న అతుకుల దగ్గర. ట్యాక్ రెండు కొసల్నీ గ్రైండర్‌తో పలచగా దిద్దకుండా రూట్ (అడుగున వేసే మొదటి వరుస) వేస్తే లోహం ఆ చోట కలవదు. పైకి అతుకు అద్దంలా ఉన్నా పరీక్షించేవాడు ముందు పైపు లోపల టార్చి వేసి చూసేది ఆ కొసల్నే.

ఏసీ మెకానిక్‌ల సంగతీ అంతే. కొంచెం గ్యాస్ వదిలి లైన్లోని గాలిని బయటికి నెట్టే పద్ధతి ఊళ్లో నడుస్తుంది, టెస్టులో నడవదు. నైట్రోజన్ నింపి లీక్ చూడాలి, వాక్యూమ్ పంపుతో లైన్లో మిగిలిన ఒత్తిడిని 500 మైక్రాన్ల దిగువకు తేవాలి, పంపు ఆపాక గేజి పైకి ఎగబాకకుండా నిలవాలి. ఎలక్ట్రీషియన్లు సప్లై ఆగిందని టెస్టర్ చూసి నమ్మేస్తారు. మీటర్ పెట్టి చూడాల్సిందే.

ఇవన్నీ రెండు వారాల సాధనతో దిద్దుకోగలిగే తప్పులు. ఐటీఐల్లో సాయంత్రం ఐదు దాటితే వెల్డింగ్ బూత్‌లు ఖాళీ. ఒక రాడ్ ఓవెన్, కోసిన పైపు ముక్కలు, 7018 ప్యాకెట్లు ఇచ్చి సాయంత్రం బ్యాచ్‌లు పెట్టించమని టామ్‌కామ్‌ను కోరుతున్నాం. విదేశీ ఉద్యోగాల కోసమే ఉన్న ప్రభుత్వ సంస్థ అది. ఖర్చంతా పైపు ముక్కలదే, వాటిని మళ్లీ అంచు కోసి రెండు మూడుసార్లు వాడొచ్చు.

డబ్బు విషయం. రిజిస్టర్డ్ ఏజెంట్ తీసుకోదగ్గ రుసుము 30,000 రూపాయలు, దానిపై 18 శాతం జీఎస్టీ, మొత్తం 35,400. అంతకు మించి అడిగితే, రశీదు ఇవ్వకపోతే అక్కడే ఆగిపోవాలి. ప్రవాసీ భారతీయ బీమా రెండేళ్లకు 275, మూడేళ్లకు 375 రూపాయలు. ప్రమాదంలో చనిపోతే కుటుంబానికి 10 లక్షలు వస్తుంది.

కొన్నేళ్లు పని చేశాక అక్కడే సొంత షాపు పెట్టాలనుకునేవాళ్లూ ఉన్నారు. కఫీల్ (అక్కడి స్పాన్సర్) పేరు మీద షాపు తెరిచి, నెలకింత అని ఆయనకు కట్టే పద్ధతిని దయచేసి ఎవరూ నమ్మొద్దు. 2020లో వచ్చిన సౌదీ చట్టం ప్రకారం దానికి ఐదేళ్ల వరకు జైలు, 50 లక్షల రియాళ్ల వరకు జరిమానా. సంపాదించింది జప్తు చేసి దేశం నుంచి పంపేస్తారు. విదేశీయుడు తన పేరు మీద వ్యాపారం చేయాలంటే అక్కడి పెట్టుబడుల మంత్రిత్వ శాఖ దగ్గర నమోదు చేసుకోవాలి.

మీ పత్రికకూ ఒక విన్నపం. గల్ఫ్ ఇంటర్వ్యూల ప్రకటన తీసుకునేటప్పుడు ఏజెన్సీ రిజిస్ట్రేషన్ నంబరు, వీసా మీద పడే పని పేరు, మూల జీతం ఎన్ని రియాళ్లు, తిండీ గదీ ఎవరివి అన్న నాలుగు వివరాలూ ఉంటేనే అచ్చు వేయండి. నంబరు సరైనదో కాదో కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో మీ ప్రకటనల కౌంటర్ దగ్గరే చూసుకోవచ్చు.

ఇట్లు,
వెల్డింగ్, ఏసీ, ఎలక్ట్రికల్ శిక్షకులు,
జగిత్యాల