మొదటిసారి తాడు లాగేముందు

హనుమకొండ,
శ్రావణ మాసం, ఆదివారం.

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరం నిన్న సాయంత్రం అందింది. మీ జగిత్యాల కాలనీ పార్కు కోసం పెట్రోలుతో నడిచే లాన్ మోవర్ కొన్నారనీ, అట్టపెట్టె ఇంకా విప్పకుండా మీ వరండాలోనే ఉందనీ, ఎంగిలిపూల బతుకమ్మ నాటికి పార్కులో గడ్డి అంతా సాఫుగా ఉండాలని చెల్లెమ్మ పట్టుబడుతోందనీ రాశావు. ఆ పెట్టె విప్పేముందు నాలుగు మాటలు రాయమన్నావు. నాలుగు మాటలతో తేలే విషయం కాదు కనుక, ఈ ఉత్తరం తీరికగా కూర్చుని చదువు. ఇది చదివే వరకు మాత్రం స్టార్టర్ తాడు ఎవరూ లాగకుండా చూడు.

అన్నింటికంటే ముందు ఆయిల్ సంగతి చెప్పాలి. కొత్త యంత్రాలు సాధారణంగా ఇంజిన్‌లో ఆయిల్ లేకుండానే వస్తాయి. ఆ విషయం తెలియక పెట్రోలు ఒక్కటే పోసి తాడు లాగితే ఇంజిన్ నడుస్తుంది కూడా, కానీ కొద్ది నిమిషాల్లోనే లోపలి లోహపు భాగాలు ఒకదానినొకటి రాసుకుని పట్టేస్తాయి. మన ఊళ్లలో పత్తి చేలకు మందు కొట్టే తైవాన్ స్ప్రేయర్లకు పెట్రోలులో ఆయిల్ కలిపి పోస్తాం కదా, ఆ అలవాటుతో దీనికీ అలాగే కలపబోతారు. అవి టూ స్ట్రోక్ ఇంజిన్లు. నువ్వు వర్ణించిన దాన్ని బట్టి మీది ఫోర్ స్ట్రోక్. దీనిలో ఆయిల్ పోసే మూత వేరు, పెట్రోలు పోసే మూత వేరు, రెండూ ఎప్పుడూ కలవకూడదు. మన ఎండలకు ఎస్ఏఈ 30 గ్రేడు ఆయిల్ సరిపోతుంది, 10డబ్ల్యు-30 కూడా వాడతారు. ఇలాంటి చిన్న ఇంజిన్‌కు అర లీటరు నుంచి అర లీటరు పైచిలుకు పడుతుంది, అయితే ఒక్కసారిగా పోయకు. యంత్రాన్ని చదునైన నేల మీద పెట్టి, గరాటుతో కొంచెం కొంచెం పోస్తూ, కొలత పుల్లను ప్రతిసారీ గుడ్డతో తుడిచి ముంచి చూడు. కొన్ని ఇంజిన్లకు ఆ పుల్లను మర బిగించి చూడాలి, మరికొన్నింటికి బిగించకుండా ఊరికే ఆనించి చూడాలి. మీ దానికి ఏది వర్తిస్తుందో దానితో వచ్చిన పుస్తకంలో ఉంటుంది, ఆ పేజీ తప్పకుండా చూడు. ఆయిల్ తక్కువైతే ఎంత నష్టమో, గీత దాటి ఎక్కువైనా అంతే ఇబ్బంది: పొగ కమ్ముతుంది, ఎయిర్ ఫిల్టర్ నానిపోతుంది, ఇంజిన్ మొరాయిస్తుంది.

బిగింపు పని పెద్దది కాదు. మడిచి ఉన్న హ్యాండిల్‌ను పైకి విప్పి రెండు వైపులా నట్లు సమానంగా బిగించడం, స్టార్టర్ తాడును దాని కొక్కెంలోకి తేవడం, వెనక గడ్డి సంచిని తగిలించడం, ఇంతే. హ్యాండిల్ విప్పేటప్పుడు దాని వెంట వచ్చే తీగలు మడత దగ్గర నలగకుండా ఒక చేత్తో పక్కకు పట్టుకో. ఆ తీగల్లో ఒకటి హ్యాండిల్ మీది కడ్డీ నుంచి ఇంజిన్‌కు వెళ్లేది. దాని గురించి వివరంగా రాయాలి, ఎందుకంటే నేను ఇంత పొడుగు ఉత్తరం రాయడానికి కారణమే ఆ కడ్డీ.

హ్యాండిల్‌తో కలిపి ఆ కడ్డీని పట్టుకున్నంత సేపే ఇంజిన్ నడవాలి, చేయి వదలగానే ఇంజిన్ ఆగి, బ్లేడు నిలిచిపోవాలి. చేయి వదిలిన 3 సెకన్లలోపు బ్లేడు ఆగి తీరాలని అమెరికాలో 1982లోనే నిబంధన తెచ్చారు. పట్టు తప్పినా, కాలు జారినా, మనిషి పడిపోయినా యంత్రం తానంతట తాను ఆగడం కోసం పెట్టిన ఏర్పాటు అది. అయితే గంటసేపు కడ్డీని పట్టుకుంటే వేళ్లు లాగుతాయి. ఆ బాధ తప్పించుకోవడానికి దాన్ని నైలాన్ తాడుతో హ్యాండిల్‌కు కట్టేయడం చాలా చోట్ల చూశాను. మా పార్కు యంత్రానికి కూడా ఎవరో అలాగే కట్టారు. నేను చూశాను, చూసి కూడా విప్పలేదు. మూడేళ్ల కిందట, రాత్రంతా ముసురు పట్టిన మర్నాడు తడి గడ్డి మీద నడిపిస్తుంటే బ్లేడు చుట్టూ గడ్డి ముద్దకట్టి ఇంజిన్ గుటుక్కున ఆగిపోయింది. శబ్దం ఆగింది కనుక యంత్రం ఆగిందనే అనుకున్నాను. పక్కకు వంచి, గడ్డి ముద్దను చేత్తో పెరుకుతూ, అడ్డం వస్తున్న బ్లేడును కొంచెం తిప్పాను. అంతే, ఇంజిన్ ఒక్కసారి ఢమ్మని కొట్టి బ్లేడు అర చుట్టు తిరిగింది. తోలు చేతి తొడుగు కొస తెగింది, ఉంగరం వేలి గోరు నిలువునా చీలింది. అప్పుడే చేతిని కొద్దిగా వెనక్కి తీసి ఉండకపోతే, ఈ రోజు ఆ వేలు నాకు ఉండేది కాదు.

ఎందుకు అలా జరిగిందో తర్వాత మెకానిక్ దగ్గర కూర్చుని తెలుసుకున్నాను. గడ్డి ఒత్తిడికి ఇంజిన్ ఆగింది కానీ, కడ్డీ కట్టేసి ఉండడం వల్ల, నిప్పురవ్వ పుట్టించి పెట్రోలును మండించే ప్లగ్గుకు వెళ్లే కరెంటు తెగలేదు. సిలిండర్‌లో పెట్రోలు ఆవిరి మిగిలే ఉంది. బ్లేడు నేరుగా ఇంజిన్ ఇరుసుకే బిగించి ఉంటుంది కనుక, నేను బ్లేడును తిప్పడమంటే స్టార్టర్ తాడు లాగినట్టే అయింది. అందుకే నీకు గట్టిగా చెబుతున్నాను: బ్లేడు వైపు చేయి పెట్టాల్సిన అవసరం వస్తే, అది గడ్డి తీయడానికైనా, పదును చూడడానికైనా, ఎత్తు మార్చడానికైనా సరే, ఇంజిన్ ఆపి, బ్లేడు పూర్తిగా నిలిచిందని కళ్లతో చూసి, ప్లగ్గు మీది రబ్బరు టోపీని ఊడబీకి, అది మళ్లీ ప్లగ్గును తాకకుండా పక్కకు వంచి పెట్టాలి. గడ్డి ముద్దను కట్టెపుల్లతో తీయాలి, చేత్తో కాదు. ఆ కడ్డీకి ఎవరైనా తాడు కట్టినట్టు కనబడితే, ఆ రోజు యంత్రాన్ని బయటికి తీయనివ్వకు.

పెట్రోలు విషయంలో బంకు నుంచి తెచ్చే దగ్గరే జాగ్రత్త మొదలవుతుంది. నీళ్ల సీసాలో తేవడం మానిపించు, ఇంధనం కోసమే చేసిన డబ్బా ఒకటి కొనండి. బంకులో నింపేటప్పుడు డబ్బాను బండి మీదనో, కారు డిక్కీలోనో ఉంచకుండా నేల మీద పెట్టించు. ట్యాంకు నింపడం ఆరుబయట, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే జరగాలి. మధ్యలో పెట్రోలు అయిపోతే కనీసం పావుగంట ఆగాలి, ఎందుకంటే సైలెన్సర్ చేయి పెట్టలేనంత వేడిగా ఉంటుంది, దాని మీద చుక్క పడినా అంటుకుంటుంది. ట్యాంకును మూతి దాకా నింపకండి, వ్యాకోచానికి కొంత ఖాళీ ఉండాలి. ఒలికిన దాన్ని తుడిచి, యంత్రాన్ని అక్కడి నుంచి కొంత దూరం తోసుకెళ్లి స్టార్ట్ చేయాలి. వాన వస్తోందని షెడ్డులో నడిపి చూడడం అసలే వద్దు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు, మూసిన గదిలో అది ప్రాణం తీస్తుంది.

ఇప్పుడు మన బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ ఉంటుంది. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. ఇలాంటి చిన్న ఇంజిన్లు చాలావరకు 10 శాతం దాకానే తట్టుకునేలా తయారైనవి, మీ పుస్తకంలో ఎంత రాశారో చూడు. నెల రోజులు నిల్వ ఉన్న పెట్రోలును ఇందులో వాడవద్దు. రెండు కోతలకు సరిపడా మాత్రమే తెచ్చుకోవడం మంచిది.

ఇక కోత. మీ పార్కు కూడా మా పార్కులాగే ఎర్ర చెల్క నేల మీద మొరం పోసి చదును చేసిందే కదా. ప్రతి వాన తర్వాత ఆ మొరం రాళ్లు పైకి తేలుతాయి. అందుకని యంత్రం తీసేముందు ఒక మనిషి బొక్కెన పట్టుకుని పార్కంతా నడిచి రాళ్లు, మేకులు, బైండింగు తీగ ముక్కలు, గాజు పెంకులు ఏరాలి. మా దగ్గర ఈ ఏరుడు పనికే అరగంట పడుతుంది, ఒక్క వారం కూడా మానము. ఇంత పట్టుదల ఎందుకో లెక్క వేసి చెబుతాను. 46 సెంటీమీటర్ల బ్లేడు నిమిషానికి 3000 చుట్లు తిరిగితే దాని కొస సెకనుకు 72 మీటర్లు పోతుంది, అంటే గంటకు దాదాపు 260 కిలోమీటర్ల వేగం. ఆ కొస తగిలిన గులకరాయి ఎంత వేగంతో ఎగురుతుందో ఊహించు. కాబట్టి పిల్లలను, వాకింగ్‌కు వచ్చే పెద్దలను కనీసం 15 మీటర్ల దూరంలో ఆపండి. వాళ్లు దగ్గరికి వస్తే నడిపే మనిషి వెంటనే కడ్డీ వదిలేయాలి. సంచి తగిలించకపోతే వెనకాల ఉండే రేకు తలుపు మూసి ఉందో లేదో చూడాలి.

నడిపేది నువ్వు కాదు, మీ పార్కులో పనిచేసే మనిషి. ఈ మాట నేను కొంచెం గట్టిగానే చెబుతాను. వేల రూపాయలు పెట్టి యంత్రం కొని, దాన్ని రబ్బరు చెప్పులతో, మోకాళ్ల దాకా మడిచిన లుంగీతో నడపమని పనివానికి అప్పగించడం న్యాయం కాదు. ముందు గట్టి తోలు బూట్లు, నిండు ప్యాంటు, కంటి అద్దాలు, చెవులకు మూతలు కొనండి, వాటి ఖర్చు కూడా యంత్రం ఖరీదులో భాగమే అనుకోండి. మా కాలనీ సమావేశంలో దీని మీద వాదన జరిగింది, చివరికి బూట్లు వచ్చాయి. మీ దగ్గర వాదన లేకుండానే రావాలని కోరుకుంటున్నాను.

యంత్రాన్ని ఎప్పుడూ ముందుకే నెట్టాలి. తన వైపుకు లాగితే కాలు దాని కిందికి పోయే ప్రమాదం ఉంది. కట్ట వాలు మీద పైకీ కిందికీ కాకుండా అడ్డంగా నడవాలి, మరీ నిటారు చోట కొడవలితో కోయించడమే మేలు. తడి గడ్డి మీద నడపవద్దు, పొద్దున మంచు ఆరిన తర్వాత మొదలుపెట్టండి. మీ పార్కు ఇప్పుడు మోకాలెత్తు పెరిగిందన్నావు. అంత గడ్డిని ఒక్కసారే కోయబోతే ఇంజిన్ ఉక్కిరిబిక్కిరి అవుతుంది, గరికా ఎండిపోతుంది. మొదట కొడవలితో తగ్గించి, ఆ తర్వాత యంత్రాన్ని అన్నింటికంటే పై ఎత్తులో పెట్టి, వారానికి ఒకసారి చొప్పున దించుకుంటూ రండి. ఏ కోతలోనూ మూడోవంతు కంటే ఎక్కువ తీయవద్దు. ఇప్పుడే మొదలుపెడితే, ఆడవాళ్లు చెప్పులు విడిచి బతుకమ్మ చుట్టూ ఆడే నాటికి నేల మెత్తగా, రాయి లేకుండా ఉంటుంది.

ఈ పని మీద నాకు ఇష్టం పెరగడానికి ఈ యంత్రం పుట్టుక కూడా ఒక కారణం. 1830లో ఇంగ్లండ్‌లో ఎడ్విన్ బడ్డింగ్ అనే ఆయన, మిల్లులో ఉన్ని బట్ట మీది నూగును సమంగా కత్తిరించే యంత్రాన్ని చూసి, అదే పద్ధతి గడ్డికి పనికొస్తుందని మొదటి లాన్ మోవర్ చేశాడు. అజంజాహి మిల్లు సైరన్ గురించి పెద్దలు చెప్పగా విని పెరిగిన వరంగల్ వాణ్ని కనుక, బట్టల మిల్లు నుంచి పుట్టిన యంత్రమంటే నాకు దగ్గరిదనిపిస్తుంది.

సంరక్షణలో బ్లేడు పదునే ముఖ్యం. కోసిన మర్నాడు వంగి ఒక గరిక పోచను చేతిలోకి తీసుకుని చూడు. బ్లేడు పదునుగా ఉంటే కొస కత్తిరించినట్టు సూటిగా ఉంటుంది, మొద్దుబారితే పీచులు పీచులుగా చినిగి, తెల్లబడి, రెండు రోజుల్లో పార్కంతా ఎండినట్టు కనబడుతుంది. అప్పుడు ప్లగ్గు టోపీ తీసి, ఎయిర్ ఫిల్టర్, పెట్రోలును గాలితో కలిపే కార్బురేటర్ ఉన్న వైపు పైకి వచ్చేలా యంత్రాన్ని వంచాలి. తిరగేసి వంచితే ఆయిల్ పోయి ఫిల్టర్‌లో చేరుతుంది. బ్లేడుకు, దాన్ని పైనుంచి కప్పి ఉండే రేకు డొప్పకు మధ్య కట్టె ముక్క అడ్డం పెట్టి పానాతో బోల్టు విప్పు. విప్పేముందు ఏ వైపు కిందికి ఉందో సుద్దతో గుర్తు పెట్టుకో, తలకిందులుగా బిగిస్తే ఒక్క పోచ కూడా తెగదు. ఆకురాయితో పాత వాలులోనే రుద్దు, రెండు కొసలకూ లెక్కపెట్టి సమానంగా రుద్దు. తర్వాత గోడకు కొట్టిన మేకుకు మధ్య రంధ్రం తగిలించి చూడు, ఏ కొస కిందికి జారితే ఆ వైపు బరువు ఎక్కువ. అది సమంగా నిలిచే వరకు ఆ వైపే ఇంకొంచెం రుద్దాలి. సమతూకం లేని బ్లేడు యంత్రాన్ని వణికిస్తుంది, చివరికి ఇరుసు బేరింగులు పాడవుతాయి. పగులు కనబడినా, వంగినా బ్లేడును సరిచేయించకు, కొత్తది వేయించు. బోల్టును పుస్తకంలో చెప్పినంత గట్టిగా బిగించాలి, దానికి మెకానిక్ దగ్గరి, బిగువును కొలిచి చూపే టార్క్ పానా వాడడమే సరైనది.

మిగతావి తేలిక. మొదటి 5 గంటల నడక తర్వాత ఒకసారి, ఆ పైన ప్రతి 50 గంటలకు ఒకసారి ఆయిల్ మార్చండి. స్పాంజి ఫిల్టర్ అయితే సబ్బు నీళ్లతో కడిగి పూర్తిగా ఆరబెట్టాలి, కాగితపుదైతే తట్టి దులపాలి, కడగకూడదు. కోత అయ్యాక డొప్ప లోపల అంటిన గడ్డిని చెక్క గరిటెతో గీకి తీయండి, లేకపోతే వానకాలం ముగిసేలోగా రేకు తుప్పు పడుతుంది. సంక్రాంతి తర్వాత గడ్డి పెరుగుదల తగ్గి యంత్రాన్ని మూల పెట్టేటప్పుడు, ట్యాంకులో మిగిలిన పెట్రోలు తీసేసి, దానంతట అది ఆగే వరకు ఇంజిన్ నడపండి. లేకపోతే కార్బురేటర్‌లో జిగురు పట్టి వచ్చే జూన్‌లో తాడు ఎంత లాగినా కదలదు.

వినాయక చవితి అయ్యాక ఒక ఆదివారం పొద్దున బస్సుకు వస్తాను. నా ఆకురాయి, పానాల సంచి తెస్తాను, మొదటి పదును మీ పార్కు పనివాని చేతనే పట్టిస్తాను. ఈలోగా ఆయిల్ పోసి, కడ్డీ వదిలితే ఎన్ని సెకన్లలో బ్లేడు ఆగుతోందో గడియారం పెట్టి చూసి నాకు రాయి. 3 సెకన్లు దాటితే కోత మొదలుపెట్టకుండా నేను వచ్చే వరకు ఆగండి. చెల్లెమ్మకు, పిల్లలకు నా ఆశీస్సులు.

ఇట్లు,
నీ మిత్రుడు