కోవా రాత్రి ఏడింటికే ఎందుకు అయిపోతోందంటే

విజయనగరంలో మా స్వీటు షాపుకొచ్చేవాళ్లు ఈమధ్య ఒకటే అడుగుతున్నారు: "ఎంత చెయ్యాలో కంప్యూటరే చెప్తోందట కదా, మరి కోవా ఏడింటికే ఎందుకు ఉండట్లేదు?" అడగాల్సిన మాటే.

ఉగాది నుంచి అమ్మకాల అంచనా వేసే సాఫ్ట్‌వేర్ వాడుతున్న మాట నిజం. పాత బిల్లులు చూసి, రేపు ఏది ఎన్ని కిలోలు పోతుందో చెబుతుంది. సంక్రాంతి దానికి సులువు, ఏటా జనవరి 14 లేదా 15నే వస్తుంది. మన ఊరి జాతర, పైడితల్లమ్మ సిరిమానోత్సవం, అలా కాదు. విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం కాబట్టి 2023లో అక్టోబరు 31న, 2024లో 15న, 2025లో 7న వచ్చింది. ఇంగ్లీషు తేదీలే చూసుకుంటే జాతర అయిపోయాక లడ్డూలు చెయ్యమంటుంది. అందుకే పంచాంగం దగ్గర పెట్టుకుని పండగలు, పెళ్లి ముహూర్తాలు, మూఢం, ఆషాఢం అన్నీ మేమే ఎక్కిస్తున్నాం. చివరి మాట స్వీట్లు చేసే మా మేస్త్రీదే. ఆయన అంకె మారిస్తే కారణం పక్కన రాసి, ఎవరి లెక్క దగ్గరగా వచ్చిందో నెలాఖరున చూస్తాం.

అసలు చిక్కు వేరే. బిల్లులో కనిపించేది అమ్మిన సరుకే. ఏడింటికి కోవా అయిపోతే, ఎనిమిదింటికి వచ్చి ఉత్త చేతులతో వెళ్లినవాళ్లు ఏ బిల్లులోనూ ఉండరు. సాఫ్ట్‌వేర్ రేపూ అంతే చెయ్యమంటుంది, రేపూ అయిపోతుంది. అందుకని "లేదు" అని చెప్పిన ప్రతిసారీ ఐటమ్, టైమ్ కౌంటర్లో రాయిస్తున్నాం. దయచేసి ఖాళీ ట్రే చూసి వెనక్కి తిరిగిపోకండి. ఏం కావాలో, ఎంత కావాలో ఒక్క మాట చెప్పి వెళ్లండి. పేరూ ఫోన్ నంబరూ అక్కర్లేదు.

అయినా షాపు మూసేదాకా కోవా ఉంటుందని మాటివ్వలేను. జంతికలు, కారప్పూస నిల్వ ఉంటాయి, కాస్త ఎక్కువే చేస్తాం. పాలతో చేసినవి నిల్వ ఉండవు. విడిగా అమ్మే స్వీట్లు ఏ తేదీలోగా తినాలో ట్రే దగ్గర రాయాలని ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2020 అక్టోబరు నుంచి నిబంధన కూడా పెట్టింది. ఆ తేదీ దాటింది మీకు అమ్మం, పారబొయ్యడానికి చేతులు రావు. అంతకంటే కొందరికి "అయిపోయింది" అని చెప్పడమే నయమని నిర్ణయించుకున్నాం.

జాతరకి ఎక్కువ మొత్తంలో కావలసినవాళ్లు విజయదశమిలోగా ఆర్డరు ఇవ్వండి. అది ఖాయమైన లెక్క, అంచనాతో కలపకుండా విడిగా చేయిస్తాం.