వైవా అయిపోయింది, ముందుగా మా ఎలక్ట్రీషియన్ అన్నకి కృతజ్ఞతలు

నిన్న మధ్యాహ్నం నా పీహెచ్‌డీ వైవా అయిపోయింది. రాత్రంతా నిద్ర పట్టలేదు, ఒళ్ళంతా నొప్పులు, అయినా ఇది ఇప్పుడే రాయాలి.

బెంగళూరులో నా పీహెచ్‌డీ పని ప్యాచ్ క్లాంప్. ఎలుక మెదడులో హిప్పోకాంపస్ అనే భాగాన్ని 300 మైక్రాన్ల మందాన కోసి, ఆక్సిజన్ పోనిచ్చే ఉప్పునీటి ద్రావణంలో బతికించుకుంటూ, జుట్టు కంటే సన్నటి గాజు పిప్పెట్ మొనని ఒక్క కణానికి ఆనించి దాని కరెంటు రికార్డు చేస్తాం. ఈ పద్ధతికే నేహర్, సాక్‌మన్ అనే శాస్త్రవేత్తలకు 1991లో నోబెల్ వచ్చింది. గాజు అంచు కణం పొరకి అతుక్కుని మధ్యలోంచి కరెంటు కారనంత గట్టి పట్టు, అంటే గిగాఓమ్ సీల్, రావడమే కష్టం అంటారు. నాకు సీల్ వచ్చేది. కానీ తెర మీద 50 హెర్ట్జ్ నాయిజ్ తప్ప ఏమీ కనిపించేది కాదు. నేను వెతికే సంకేతాలు చాలావరకు ఒక మిల్లీవోల్టు కూడా ఉండవు, గోడలో కరెంటు వాటిని మింగేసేది. బయటి కరెంటు ప్రభావం లోపలికి రాకుండా ఆపే లోహపు పంజరం, ఫారడే కేజ్, సరిచూశాం, లైట్లు ఆపాం, వైర్లు మార్చాం. ఎర్తింగ్ చూడమని ఆఫీసులో అడిగితే ఫారం నింపమన్నారు, నింపితే ఇంకో సెక్షన్‌కి పంపారు. ఎండాకాలం అంతా అలాగే పోయింది.

ఒక ఆదివారం రాత్రి మెట్ల మీద కూర్చుని అమ్మతో ఫోన్లో ఏడుస్తున్నాను. ట్యూబ్‌లైట్ మార్చడానికి వచ్చిన కాంట్రాక్ట్ ఎలక్ట్రీషియన్, హిందూపురం వైపు ఆయన, నా తెలుగు విని ఆగి "ఏమైంది పాపా?" అన్నారు. అంతకుముందు ఆయన్ని ఎప్పుడూ చూడలేదు. ఏమేం చేశామో అంతా ఓపిగ్గా విన్నారు. చెప్పులు బయట విప్పి ల్యాబ్‌లోకి వచ్చి, మల్టీమీటర్‌తో న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య వోల్టేజి చూసి, టార్చి పట్టుకుని నేరుగా బిల్డింగ్ వెనక్కి వెళ్ళారు. ఎర్త్ పిట్, అంటే ఎర్త్ వైరు భూమిలోకి దిగే గుంత, దాని మూత తీస్తే లోపల మట్టి ఎండి బీటలు వారి ఉంది. తడి లేకపోతే భూమి కరెంటుని తీసుకోదమ్మా అన్నారు. ఇద్దరం బకెట్లతో నీళ్ళు మోశాం. తర్వాత మా ప్లగ్గులన్నీ ఒకే బోర్డు మీదకి తెచ్చి, ఎర్త్ వైర్లన్నీ ఒక్కచోట కలిపారు. నాయిజ్ సగానికి పైగా పడిపోయింది. అప్పటికి ఆయన డ్యూటీ అయిపోయి చాలాసేపైంది, చివరి బస్సు కూడా పోయింది.

అక్కడితో వదిలేయలేదు. సూపర్‌వైజర్ వెంటపడి బొగ్గు, ఉప్పు వేయించి కొత్త పిట్ తవ్వించారు, దాన్నుంచి మా రికార్డింగ్ పరికరాలకి విడిగా రాగి తీగ లాగారు. కణం పంపే కరెంటు సంకేతం, మొదటి స్పైక్, శుభ్రంగా కనిపించిన రోజు పిలిచి చూపిస్తే చాలాసేపు తెరనే చూసి, "ఇది ఇప్పుడు బతికే ఉందా పాపా?" అన్నారు. ఉందన్నా. డబ్బులివ్వబోతే చెయ్యి వెనక్కి నెట్టేశారు. "నీకే స్టైపెండ్ రాలేదని అమ్మకి చెప్తుంటివి కదా" అన్నారు. ఆ మాటకి మళ్ళీ ఏడ్చాను, ఇప్పుడు రాస్తుంటే కూడా ఆగట్లేదు.

అవును, రాలేదు. 2023లో ఫెలోషిప్ పెంచారు, జూనియర్ ఫెలోలకి (జేఆర్‌ఎఫ్) నెలకి 37 వేలు, సీనియర్లకి (ఎస్‌ఆర్‌ఎఫ్) 42 వేలు. కాగితం మీద బానే ఉంది, నెలల తరబడి అకౌంట్లో పడకపోతే హాస్టల్ మెస్ వాళ్ళకి ఏం చెప్పాలి? ఆ అన్నకీ కాంట్రాక్టర్ జీతం సమయానికి ఇచ్చేవాడు కాదు, అది నాకు తర్వాత తెలిసింది. లక్షల పరికరాలు కొంటారు, ఎండాకాలంలో ఎర్త్ పిట్‌లో నీళ్ళు పోయడం ఎవరి పనో మాత్రం ఎవరికీ అప్పగించరు. ఇది మారాలి.

థీసిస్ కృతజ్ఞతల పేజీలో మొదటి పేరు ఆయనదే.

అమ్మా, నాన్నా, తమ్ముడూ, మీకు వేరే చెప్పాలా. మా గైడ్ మేడమ్‌కి, ల్యాబ్ వాళ్ళందరికీ ఎప్పటికీ రుణపడి ఉంటాను.

అయ్యో, యానిమల్ హౌస్‌లో పనిచేసే అక్కలని మర్చిపోయాను, పండగ రోజుల్లో కూడా వచ్చేవాళ్ళు. గాజు పిప్పెట్లు సాగదీసే యంత్రం, పిప్పెట్ పుల్లర్, సెట్టింగ్స్ రాసిన నోట్‌బుక్ నాకే వదిలి వెళ్ళిన సీనియర్‌కి కూడా. ఇంకా, రాత్రి షట్టర్ తీసి మరీ థీసిస్ బైండింగ్ చేసిచ్చిన షాపాయనకి, చాలా చాలా థ్యాంక్స్ అండీ.